11 మందే ఉన్న క్లాసులో బీజడ్‌సీ చదువుతున్నాను, తప్పు చేశానా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఉప్పల్. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రెండుసార్లు రాశాను. బయాలజీలో మంచి మార్కులే వచ్చాయి, ఫిజిక్స్‌లో పోయింది. రెండోసారి కూడా సీటు రాకపోయేసరికి ఇంక లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజు కట్టలేమని ఇంట్లో చెప్పేశారు. అప్పటికి పేరున్న కాలేజీల్లో సీట్లు అయిపోయాయి. శివార్లలో ఉన్న ఒక చిన్న యూనివర్సిటీలో బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ)లో చేరాను. ఇప్పుడు రెండో ఏడాది. మా క్లాసులో 11 మందిమే ఉన్నాం. పనిచేసే మైక్రోస్కోప్‌లు మూడు. అందులో ఒకదాని 45ఎక్స్ లెన్స్‌కు ఫంగస్ పట్టింది. ప్రాక్టికల్ రికార్డు ప్రతి సెమిస్టర్ సీనియర్ల దగ్గర తెచ్చుకుని చూసి రాసేస్తాం, అందరూ అలాగే చేస్తారు. రోజూ బస్సులో హబ్సిగూడ మీదుగా వెళ్తూ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ గేటు చూసినప్పుడల్లా, లోపల పనిచేసేవాళ్లు ఎక్కడ చదివి ఉంటారో అనిపిస్తుంది. పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్తే "డాక్టర్ సీటు రాలేదా, మరి బీఎస్సీతో ఏం చేస్తవ్" అని అడుగుతున్నారు. నాన్న ఏమీ అనరు. కానీ తమ్ముడి ఇంజినీరింగ్ గురించి మాట్లాడినట్టు నా చదువు గురించి మాట్లాడరు. నాకు బయాలజీ ఇష్టమే. డిగ్రీ మానేసి మళ్లీ నీట్ రాయాలా? పెద్ద కాలేజీకి మారాలా? లేదంటే డిగ్రీ అవగానే అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: నీది నా స్టూడెంట్ల వయసే, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. 20 ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్తున్నాను.

నువ్వు అడిగిన మూడింటికీ ముందు సూటిగా జవాబు చెప్తాను. డిగ్రీ మానేయొద్దు. కాలేజీ మారే పనీ పెట్టుకోవద్దు. రెండో ఏడాదిలో మారితే సబ్జెక్టులు కలవవు, క్రెడిట్లు లెక్కకు రావు, టీసీ కోసం తిరగడంతోనే ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. మెడికల్ కోడింగ్ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు భయపడుతున్నది చిన్న యూనివర్సిటీ గురించి, 11 మంది గురించి, మూడు మైక్రోస్కోప్‌ల గురించి. నాకు భయం వేసింది మాత్రం నువ్వు మామూలుగా రాసేసిన ఇంకో మాట చూసి. రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని చూసి రాసేస్తాం అన్నావు కదా, అది. మిగతావన్నీ సర్దుకోవచ్చు. దీన్ని ఇలాగే వదిలేస్తే మాత్రం ఎంత పెద్ద యూనివర్సిటీలో చదివినా నీకు బయాలజీ రాదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను కూడా అలాగే చదివాను. డిగ్రీలో నా రికార్డు చూసి మా క్లాసు మొత్తం మెచ్చుకునేది. ఒక కణం రెండుగా విడిపోయే సమవిభజన బొమ్మలు ప్రథమ దశ నుంచి అంత్య దశ వరకు స్కేలు పెట్టినట్టు వేసేదాన్ని. ప్రాక్టికల్స్‌లో 50కి 48 వచ్చాయి. పీజీలో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్‌లో చేరాను. మొదటి వారమే స్లైడ్ చేసి మధ్యస్థ దశలో ఉన్న కణం ఒకటి చూపించమన్నారు. మైక్రోస్కోప్ దగ్గర గంటసేపు కూర్చున్నాను. గుండ్రంగా, అంచు నల్లగా, మధ్యలో మెరుస్తూ ఒకటి కనిపించింది. మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆవిడ ఒక్కసారి చూసి, "అది గాలి బుడగమ్మా" అని చెప్పి పక్క టేబుల్‌కు వెళ్లిపోయారు. ఆ రోజు హాస్టల్‌కు వచ్చి అన్నం తినలేకపోయాను. మూడేళ్లలో ఆ బొమ్మ కనీసం పది పదిహేనుసార్లు వేసి ఉంటాను, అసలుది ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి నాకు అప్పటివరకు తట్టనేలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి నీకు ఒక పని చెప్తాను. ఇంట్లో ఉల్లిగడ్డ ఉంటుంది. కింద ఎండిపోయిన పాత వేర్లను బ్లేడుతో గీకేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేట్టు గ్లాసు మీద కూర్చోబెట్టు. మరీ లోపలికి జారుతుంటే నాలుగు టూత్‌పిక్‌లు గుచ్చితే ఆగుతుంది. రోజూ నీళ్లు మార్చు, లేకపోతే కుళ్లు వాసన వస్తుంది. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు దిగుతాయి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య చివరి సెంటీమీటరు కత్తిరించి, ఆల్కహాల్ మూడు వంతులు, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు కలిపిన ద్రావణంలో వేయి. ఆ సీసా మీ ల్యాబ్ అల్మరాలో ఉంటుంది, అడిగితే కొంచెం పోసిస్తారు. ఒక రోజు అందులోనే ఉండనివ్వు. కణాలు ఏ దశలో ఉన్నవి ఆ దశలోనే ఆగిపోతాయి.

మిగతాది ల్యాబ్‌లోనే చేయాలి, మేడమ్ గానీ సార్ గానీ దగ్గర ఉండగా చేయాలి. వేరు కొనలను 60 డిగ్రీల వేడిలో 1 నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐదారు నిమిషాలు ఉంచితే కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పొర మెత్తబడుతుంది. రికార్డులో "మెత్తబరచుటకు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఈ మెట్టు సరిగ్గా చేయకపోతే మాత్రం ఎంత నొక్కినా కణాలు విడిపోవు, ముద్దగానే ఉంటాయి. తర్వాత కడిగి ఎసిటోకార్మైన్ అనే రంగులో వేస్తే కొన దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రం ముదురు ఎరుపుగా అవుతుంది. విభజన జరిగేది ఆ కాస్త ముక్కలోనే. అది మాత్రం ఉంచుకుని మిగతాది పారేయి. మొదటిసారి చేసేవాళ్లంతా వేరు మొత్తం పెట్టి నొక్కుతారు, పొడుగాటి ముసలి కణాలు తప్ప ఏమీ కనపడవు.

కవర్ స్లిప్ వేసి, పెన్సిల్ వెనక వైపుతో చిన్నగా తట్టు. బ్లాటింగ్ పేపర్ మడతలో పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కు. నొక్కేటప్పుడు వేలు ఒక్క పిసరు జరిగినా కణాలు దొర్లిపోతాయి. ముందు 10ఎక్స్‌లో చూడు. ఎక్కువ కణాలు గుండ్రటి కేంద్రకంతో మామూలుగానే ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో ఒకచోట ఎర్రటి దారప్పోగుల్లాంటివి చిక్కుపడి కనిపిస్తాయి. దాన్ని నడిమికి తెచ్చుకుని 45ఎక్స్‌కు మార్చు. ఉల్లిలో క్రోమోసోమ్‌లు 16, అవి పెద్దవి కూడా. బాగా పరుచుకున్న కణం ఒకటి దొరికితే లెక్కపెట్టొచ్చు. మొదటి స్లైడ్‌లో దొరకదు. రెండో దానిలోనూ దొరక్కపోవచ్చు. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి ఏడో స్లైడ్‌లో దొరికింది. ఆ పిల్ల నన్ను పిలవలేదు, మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తకుండా చేయి మాత్రం పైకెత్తి అలాగే ఉండిపోయింది.

అది దొరికాక రికార్డు రాయి. నీ కంటికి కనిపించిన కణమే వేయి, అది వంకరగా ఉంటే వంకరగానే వేయి. పుస్తకంలో బొమ్మకూ నీ బొమ్మకూ ఎక్కడ తేడా వచ్చిందో పక్కన రాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మార్కులు తగ్గిస్తారేమోనని భయపడకు. నేను ఎక్స్‌టర్నల్‌గా వెళ్లినప్పుడు ఒకేలా ఉన్న రికార్డులు అరడజను చూశాక, ఒక్కదానిలో "మూడు స్లైడ్‌లలో మధ్యస్థ దశ కనబడలేదు, నాలుగోదానిలో రెండు కణాలు కనిపించాయి" అని ఉంటే ఆ పిల్లను కూర్చోబెట్టి కాసేపు మాట్లాడతాను. వైవాలో ఆ పిల్ల తడబడదు కూడా. తను చేసిన పని గురించే కదా చెప్పాల్సింది.

ఇప్పుడు ఆ ఫంగస్ పట్టిన లెన్స్ విషయం. అది ఫంగస్ కాకపోవచ్చు. ఐపీస్‌లోంచి చూస్తూనే ఐపీస్‌ను వేళ్లతో మెల్లగా తిప్పు. మచ్చ కూడా తిరిగితే మురికి ఐపీస్ మీద ఉన్నట్టు. తిరక్కపోతే స్లైడ్ జరుపు. దాంతోపాటు జరిగితే స్లైడ్ మీద ఉన్నట్టు. రెండింటికీ కదలకుండా చూపు మసకగా ఉంటే కింది లెన్స్ అనుకోవాలి. 100ఎక్స్‌కు వేయాల్సిన నూనె 45ఎక్స్‌కు అంటుకుని ఎండిపోవడం డిగ్రీ ల్యాబుల్లో మామూలే. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే లెన్స్ పేపర్ మీద ఒక చుక్క జైలీన్ వేసి తుడిచిపెడతారు. చున్నీతో మాత్రం తుడవకు, గీతలు పడతాయి. అలా తుడిచాక కూడా పోకపోతే అది నిజంగా ఫంగసే కావచ్చు, అప్పుడు రిపేర్‌కు పంపాల్సిందే.

నువ్వు ఉప్పల్ నుంచి బస్సు ఎక్కుతున్నావు కాబట్టి ఇంకో చోటు చెప్తాను, సెలవు రోజున వెళ్లి చూడు. బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది, ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. నోబెల్ 1902లో వచ్చింది. ఈ సంగతి జీకే పుస్తకంలో ఉంటుంది. ఆయన ఎలా చూశారన్నది మాత్రం క్లాసులో మేం సరిగ్గా చెప్పం. రెండేళ్లుగా దోమలను కోస్తూనే ఉన్నారు, అవి మలేరియా మోసే జాతి కాకపోవడంతో ఏమీ దొరకలేదు. మైక్రోస్కోప్ ఐపీస్ పగిలి ఉంది. చెమటకు స్క్రూలు తుప్పుపట్టాయి. దోమలు ఎగిరిపోతాయని ఎండాకాలంలో పంకా కూడా వేసుకోలేదు. ఆ ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించారు. నాలుగు రోజుల తర్వాత ఒకదాన్ని కోస్తే కడుపు గోడ మీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి.

ఆ నల్లటి రేణువులే అన్నిటికంటే ముఖ్యం. మలేరియా రోగుల రక్తం స్లైడ్‌లు చూసీ చూసీ ఆ రేణువులు ఆయన కళ్లకు బాగా అలవాటయ్యాయి. అదే నలుపు దోమ కడుపు గోడ మీద కనపడగానే గుర్తుపట్టారు. అంతటితో ఆగలేదు. మర్నాడు మిగిలిన దోమను కోసి చూస్తే అవే కణాలు ముందు రోజు కంటే పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి పెరుగుతున్నాయన్నమాట. అంతకుముందు వందల స్లైడ్‌లు ఒళ్లు వంచి చూడకపోయి ఉంటే ఆ ఒక్క స్లైడ్ ఎదురుగా పెట్టినా ఆయనకు ఏమీ తెలిసేది కాదు. మీ ల్యాబ్‌లో ఉన్న మూడు మైక్రోస్కోప్‌లూ ఆయన దగ్గరున్న దానికంటే మంచివే.

ఇక నీ 11 మంది సంగతి. ఇది తక్కువ అనుకుంటున్నావు. 60 మంది ఉన్న బ్యాచ్‌లో ఒక్కొక్కరికి మైక్రోస్కోప్ దగ్గర రెండు నిమిషాలు కూడా రాదు. వెనక నిలబడ్డవాళ్లు "కనిపించిందా, కనిపించింది" అనుకుంటూ జరిగిపోతారు. అలాంటి క్లాసులు నేను చెప్పాను, నాకు తెలుసు. మీ దగ్గర ముగ్గురు నలుగురికి ఒక మైక్రోస్కోప్ వస్తుంది. మిగతావాళ్లు రికార్డు చూసి రాసుకుంటున్నారంటే నిజానికి మూడూ ఖాళీగానే ఉన్నాయన్నమాట.

మీ లెక్చరర్లలో కనీసం ఒకరు పీహెచ్‌డీ చేసి ఉంటారు, లేదా చేస్తూ ఉంటారు. దేని మీద చేశారో ఎప్పుడైనా అడిగావా? అడిగి చూడు. నాలుగైదేళ్లు ఒక నాచు మీదో, చేప మొప్పల్లో ఉండే పురుగుల మీదో పనిచేసి వచ్చి రోజూ ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పుకుంటూ బతుకుతున్న మనిషికి, ఒక స్టూడెంట్ వచ్చి ఆ మాట అడిగితే ఎంత సంతోషంగా ఉంటుందో నీకు తెలియదు. "మేడమ్, శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తాళం ఇప్పిస్తారా, నేను స్లైడ్‌లు చేసుకుంటాను" అని అడుగు. మొదట ఆశ్చర్యపోతారు, ఒకటి రెండుసార్లు కాదంటారు కూడా. మూడోసారి ఇస్తారు.

ఆవిడతో నీకు ఇంకో పని కూడా ఉంది. బెంగళూరు, ఢిల్లీ, అలహాబాద్‌లలో ఉన్న మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు. డిగ్రీ విద్యార్థులు అప్లై చేసుకోవచ్చు. నువ్వు ఏం చేయాలనుకుంటున్నావో ఒక పేజీలోపు రాయాలి, నిన్నెరిగిన టీచర్ ఒకరు సిఫారసు లేఖ ఇవ్వాలి. 60 మందిలో ఒకరికి వచ్చే లేఖలో "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని ఉంటుంది. నీకు ఇచ్చేదానిలో "ఈ అమ్మాయి శనివారాలు ల్యాబ్‌లో ఉండి ఉల్లి వేరు కణాలు లెక్కపెట్టింది" అని రాయగలరు. చదివేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. చలికాలంలో నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు.

సీసీఎంబీ గేటు గురించి రాశావు. ఆ గేటు లోపలికి నువ్వు వెళ్లొచ్చు. సెప్టెంబర్ 26 సీసీఎంబీ లాంటి ల్యాబులను నడిపే సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం, ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజుల చుట్టుపక్కల ఇలాంటి సంస్థలు ఓపెన్ డే పెట్టి మామూలు జనాన్ని ల్యాబుల్లోకి రానిస్తాయి. పీహెచ్‌డీ పిల్లలు టేబుల్ దగ్గర నిలబడి వాళ్ల పని వివరిస్తారు. వాళ్లను మొహమాటపడకుండా "మీరు డిగ్రీ ఎక్కడ చేశారు" అని అడుగు. నువ్వు రోజూ బస్సులో అనుకుంటున్న ప్రశ్నే కదా, జవాబు వాళ్ల నోటి నుంచే విను. ఎవరూ పేరు వినని కాలేజీల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో కనిపిస్తారు.

అక్కడికి వెళ్లేటప్పుడు మీ నాన్నను కూడా తీసుకెళ్లు. తమ్ముడి ఇంజినీరింగ్ గురించి మాట్లాడటం ఆయనకు తేలిక. కాలనీలో పది మంది పిల్లలు అదే చదువుతున్నారు కాబట్టి ఏం అడగాలో తెలుసు. నీ చదువు గురించి ఏం అడగాలో తెలియక ఊరుకుంటున్నారేమో. ఒక పూట నీతోపాటు తిరిగితే ఆయనకు అడగడానికి నాలుగు మాటలు దొరుకుతాయి.

నీకు బస్సులో జీరో టికెట్ ఎలాగూ ఉంది. తార్నాక, ఉప్పల్ చుట్టూ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ సెంటర్ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. అటు పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. పక్షుల మీద ఆసక్తి ఉంటే అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. చలికాలంలో ఒక ఉదయం వెళ్లి రెండు గంటలు కూర్చుని చూసినవి నోట్‌బుక్‌లో రాసుకో. దీనికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు.

నీ ఉత్తరంలో లేని ఒక లోటు నేనే చెప్పాలి. బైపీసీ వాళ్లకు పదో తరగతితో లెక్కలు అయిపోతాయి. "లెక్కలు తప్పించుకుందామనే బైపీసీ తీసుకున్నా మేడమ్" అని నాతో ఎంతమంది అన్నారో. ఇప్పటి బయాలజీలో అలా కుదరదు. పొద్దున కత్తిరించిన వేర్లలో 200 కణాలకు 18 విభజనలో ఉన్నాయనుకో, మధ్యాహ్నం వేర్లలో 11 ఉన్నాయనుకో. ఆ తేడా నిజమా, ఊరికే అలా పడిందా అన్నది తేల్చేది స్టాటిస్టిక్స్. నువ్వు మెండెల్ నిష్పత్తుల దగ్గర చదివే కై స్క్వేర్ ఆ పనికే ఉంది. జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపర్‌లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా అడుగుతారు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ఆ పరీక్షే దారి. నీట్‌లో ఫిజిక్స్ దెబ్బ తీసిందన్నావు, రెండేళ్లు చదివిన ఆ ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. తెలుగు అకాడమీ వాళ్ల ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. సంభావ్యత, లాగరిథమ్‌లు, కొంచెం కలనం, రోజుకు అరగంట చాలు. స్వయం, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లలో బయోస్టాటిస్టిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ రాయాలి. ఇప్పటి నుంచే వీటి పాత పేపర్లు దగ్గర పెట్టుకో.

నీట్ గురించి ఒక్క మాట. 720 మార్కుల్లో 360 బయాలజీవే, అందులో నీకు ఇబ్బంది లేదు, అందుకే మళ్లీ మళ్లీ ఆశ పుడుతుంది. నిన్ను నువ్వే అడగాల్సింది ఒకటుంది. రోగుల మధ్య, వార్డులో రాత్రీ పగలూ పనిచేయాలని ఉందా? అది నిజంగా ఉంటే డిగ్రీ వదలకుండా ఇంకోసారి రాయి, నేను కాదనను. పెళ్లిలో అడిగే పెద్దమ్మకు జవాబు చెప్పడం కోసమే అయితే మాత్రం వద్దు. సీటు వచ్చినా ఆవిడ ఇంకొకటి అడుగుతుంది.

అమీర్‌పేట విషయానికి వద్దాం. మెడికల్ కోడింగ్ గౌరవమైన ఉద్యోగమే. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, జబ్బులకూ చికిత్సలకూ ఇన్సూరెన్స్ కోసం కోడ్‌లు వేయాలి. అనాటమీ పదాలు తెలిసుండాలి, అందుకే మన పిల్లలను తీసుకుంటారు. ఇంట్లో డబ్బు అవసరం ఉండి వెళ్లినవాళ్లలో నా స్టూడెంట్లు చాలామంది ఉన్నారు, ఇల్లు నిలబెట్టారు. నీకూ అలాంటి అవసరం వస్తే వెళ్లు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ అది డిగ్రీ అయ్యాక కొద్ది నెలల్లో నేర్చుకోగలిగే పని. దాని కోసం ఇప్పటి రెండేళ్లు ఖర్చు పెట్టక్కర్లేదు.

ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో కూడా బీఎస్సీ వాళ్లను తీసుకుంటారు. జీనోమ్ వ్యాలీలో, జీడిమెట్లలో, పాశమైలారంలో అలాంటివి చాలా ఉన్నాయి. నీళ్ల శాంపిల్ తీసుకోవడం, బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు పోయడం, తర్వాత వాటి మీద వచ్చిన బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టి రాయడం అక్కడి పని. ఆ ల్యాబుల్లో అన్నిటికంటే పెద్ద తప్పు ఏంటో తెలుసా? చేయని టెస్టును చేసినట్టు రాయడం. డేటా ఇంటెగ్రిటీ అంటారు. దాని మీదే ఉద్యోగాలు పోతాయి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి కంపెనీకే వార్నింగ్ లెటర్ వస్తుంది. చూసి రాసిన రికార్డుతో మూడేళ్లు గడిపిన పిల్ల అక్కడికి వెళ్లేసరికి చేతికి ఆ అలవాటే పట్టి ఉంటుంది, అందుకే మొదటి నుంచీ దాని గురించే చెప్తున్నాను.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ గురించి ఎవరూ చెప్పి ఉండరు. దానికి డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటి కొన్ని సబ్జెక్టుల్లో ఒకటైనా ఉండాలి. నీకు మూడూ ఉన్నాయి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ ఆ జాబితాలో లేవు. పాతకాలపు కాంబినేషన్ అని బీజడ్‌సీని తీసిపారేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. 

బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో ఫాస్ఫరస్ అంచనా వేసేటప్పుడు పుస్తకంలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని కనిపిస్తుంది. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే. 1925లో వచ్చిన పద్ధతి, రంగు నీలంగా మారే ఆ ట్యూబ్‌లో ఇంకా బతికే ఉంది. ఆ ప్రాక్టికల్ వచ్చిన రోజు రీడింగ్‌లు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకు.

ఈ ఆదివారం గ్లాసు మీద ఉల్లిగడ్డ పెట్టు. గురువారానికి వేర్లు వస్తాయి, శుక్రవారం పొద్దున కత్తిరించు, శనివారం స్లైడ్ చేయి. మొత్తం 200 కణాలు లెక్కపెట్టడానికి గంటన్నర పైనే పడుతుంది, మెడ పట్టేస్తుంది. మధ్యలో లేచి నీళ్లు తాగు, లేచేముందు ఎన్నో కణం దగ్గర ఆగావో నోట్‌బుక్‌లో రాసుకో. ఎన్ని విభజనలో ఉన్నాయో నాకు రాసి పంపు. ఒక్కటి కూడా కనపడకపోతే అదే రాయి, ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరం కలిసి చూద్దాం.